తేనెటీగతో మిస్టర్ బీన్ యుద్ధం: మా ఇంట్లో సగం మంది నవ్వారు, సగం మంది లేచిపోయారు

రోవన్ అట్కిన్సన్ అని పేరు చెబితే వైజాగ్‌లో చాలామందికి వెంటనే వెలగదు. మిస్టర్ బీన్ అంటే మాత్రం మా మర్రిపాలెం సందులో కూరగాయల బండి తోసుకొచ్చే తాతకి కూడా తెలుసు. ఆ బీనే 67 ఏళ్ల వయసులో చేసిన కామెడీ సిరీస్ 'మ్యాన్ వర్సెస్ బీ'. నెట్‌ఫ్లిక్స్‌లో 2022 జూన్‌లో వచ్చింది. 2025 డిసెంబర్‌లో దాని తర్వాతి కథ 'మ్యాన్ వర్సెస్ బేబీ' కూడా వచ్చేసరికి, మొదటిది చూడనివాళ్లు చూస్తామని, చూసినవాళ్లు ఇంకోసారని, మా ఇంట్లో రెండూ వరసగా పెట్టారు. అంతే, అప్పట్నుంచి బంధువులు ఎక్కడ కలిసినా ఇదే పంచాయితీ. ఒకళ్లు కడుపు పట్టుకుని నవ్వామంటారు, ఇంకొకళ్లు రెండో ఎపిసోడ్‌కే ఆపేశాం, ఆ పెద్దాయన్ని చూస్తే జాలేసిందంటారు. బయట అడిగినా ఇదే తంతు, మధ్యస్థంగా ఉందన్నవాడు నాకు తగల్లేదు.

నా మాట ముందే చెప్పేస్తాను. చూడండి, టైం వేస్ట్ కాదు. కానీ పాత బీన్ మళ్లీ దొరుకుతాడని కూర్చుంటే చిరాకు పడతారు. బాలేదంటున్నవాళ్లలో ఎక్కువమంది "ముసలాడైపోయాడు, ఇక కామెడీ రాదు" అని తేల్చేస్తున్నారు చూడండి, అది నేను ఒప్పుకోను, గొడవ ఆయన వయసు దగ్గర లేదు, ఆయన ఎంచుకున్న పాత్ర దగ్గర ఉంది.

కథ గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. ట్రెవర్ బింగ్లీ అనే మనిషి, భార్యతో విడిపోయాడు, మ్యాడీ అని ఒక కూతురు. సెలవుల్లో ఆ పిల్లని క్యాంపింగ్‌కి తీసుకెళ్లాలని ఆశ, చేతిలో డబ్బు ఆడదు. అందుకని యజమానులు ఊరెళ్లినప్పుడు వాళ్ల ఇంట్లో ఉండి చూసుకునే ఉద్యోగంలో చేరతాడు. మొట్టమొదటి డ్యూటీయే ఒక కోటీశ్వరుల బంగళా. గోడకి మోండ్రియన్ అనే పేరుమోసిన చిత్రకారుడి పెయింటింగ్, ఇంకోచోట కాండిన్స్కీ అనే ఇంకో చిత్రకారుడిది, చేత్తో రాసి బొమ్మలు వేసిన పాతకాలపు గ్రంథం, గ్యారేజీలో జాగ్వార్ ఈ-టైప్ కారు, తలుపులేమో నోటిమాటతో తెరుచుకుంటాయి, వీటన్నిటితోపాటు కప్‌కేక్ అనే కుక్క. ఈ ఇంట్లోకి ఒక తేనెటీగ దూరుతుంది. మిగతాదంతా దాన్ని పట్టుకోవాలని ఇతను చేసే ప్రయత్నాలూ, వాటి వల్ల జరిగే విధ్వంసమూ. సిరీస్ మొదలయ్యేదే కోర్టులో, ట్రెవర్ బోనులో నిలబడి ఉంటే అతని మీద పడిన 14 నేరాలు చదువుతుంటారు, ప్రమాదకరమైన డ్రైవింగ్, వెలకట్టలేని కళాఖండాల ధ్వంసం, ఇంటికి నిప్పు పెట్టడం అంటూ. కాబట్టి ఏం జరగబోతుందో మనకి మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది, ఎలా జరిగిందో చూడటమే మిగిలింది.

మొత్తం 9 ఎపిసోడ్లు. మొదటిది దాదాపు ఇరవై నిమిషాలు, తర్వాతవన్నీ పది నిమిషాలు, అటూ ఇటూ. అంతా కలిపినా మన తెలుగు సినిమా కంటే తక్కువే. రాసింది అట్కిన్సనూ, విల్ డేవిసూ కలిసి, ఈ డేవిస్, అట్కిన్సన్ గూఢచారిగా చేసిన జానీ ఇంగ్లిష్ కామెడీ సినిమాలు రాసిన బృందంలోని మనిషే. డైరెక్టర్ డేవిడ్ కెర్, 2018లో వచ్చిన మూడో జానీ ఇంగ్లిష్ తీసింది ఈయనే. అంటే కొత్తవాళ్లెవరూ లేరు, ఆయనకి అలవాటైన బ్యాచే.

ఇక మా వాళ్ల సంగతి. అక్క పిల్లలిద్దరూ, పెద్దది పదకొండేళ్ల పిల్ల, చిన్నోడు ఎనిమిదేళ్లవాడు, మొదట్నుంచి చివరిదాకా ఆపకుండా చూశారు, చిన్నోడు నవ్వి నవ్వి సోఫా మీంచి జారి కింద పడ్డాడు, ఇందులో అతిశయోక్తి లేదు. కూర్మన్నపాలెం నుంచి వచ్చిన మా పెద్ద మావయ్య, స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరైన ఇంజనీరు, ఆంధ్రా యూనివర్సిటీలో ఎలక్ట్రికల్ చదివిన మనిషి, ఒక్కసారి కూడా నవ్వలేదు. ట్రెవర్ ఏదైనా పగలగొట్టినప్పుడల్లా "అదెంత ఉంటుందిరా?" అని అడుగుతాడు. ఆ కారు జోలికి వెళ్లేసరికి లేచి బాల్కనీలోకి వెళ్లి నిలబడ్డాడు. "ఏట్రా ఇది, పనీ పాటా లేని వెధవ, కూతురికి మొహం ఎలా చూపిస్తాడు" అన్నాడు. చూడండి, ఆయన సిరీస్‌ని తిట్టట్లేదు, ట్రెవర్‌ని తిడుతున్నాడు. కథలో అంత మునిగిపోయిన మనిషి తనకి నచ్చలేదంటాడు!

మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కి ఫోన్లో రెండు ఎపిసోడ్లు చూపించాను. మనిషిది శ్రీకాకుళం వైపు, ఇళ్ల తాళాలు చేతిలో పెట్టుకుని ఏళ్లుగా ఈ పనే చేస్తున్నవాడు కదా, ఏమంటాడో అని. కాసేపు చూసి, "కొత్తగా పన్లో చేరినోడికి ఇల్లంతా ఒగ్గేసి ఊరెల్లిపోయేరేటి బాబూ? తప్పు ఆలదే" అన్నాడు. ఈ సిరీస్ మీద నేను విన్న వాటిలో నాకు బాగా నచ్చిన అభిప్రాయం ఇదే. నిజంగానే ఆ యజమానులు ఎంత డాబుగా, ఎంత విసురుగా మాట్లాడి వెళ్తారో చూస్తే, వాళ్ల సామాను పగులుతుంటే మనకి కొంచెం సంతోషంగానే ఉండాలి. ఉండాలి, కానీ పూర్తిగా ఉండదు. అక్కడే చిక్కు.

బీన్‌ని ఒకసారి గుర్తు తెచ్చుకోండి. 1990 జనవరి ఒకటిన బ్రిటన్ టీవీలో మొదలై 1995 దాకా అప్పుడొకటి ఇప్పుడొకటిగా వచ్చిన సిరీస్ అది, మొత్తం కలిపితే 15 ఎపిసోడ్లే, అన్నే అంటే ఇప్పటికీ ఎవరూ నమ్మరు, ఎందుకంటే పోగో చానెల్‌లో వాటినే తిప్పి తిప్పి వేస్తే చూసి పెరిగినవాళ్లం మనం. డైలాగులు లేవు కాబట్టి తెలుగులో ఉందా ఇంగ్లిష్‌లో ఉందా అన్న బాధే లేదు, మా నాయనమ్మ కూడా చూసేది. అందులో బీన్‌కి బాధ్యతలేం ఉన్నాయి? ఉద్యోగం ఏంటో తెలియదు, పెళ్లాం పిల్లలు లేరు, అప్పు లేదు, ఒక బొమ్మ ఎలుగుబంటి ఉంది, ఒక పచ్చ రంగు మినీ కారుంది. పరీక్షలో పక్కవాడి పేపర్లోకి తొంగి చూస్తాడు, ఆ మూడు చక్రాల నీలం కారుని ప్రతిసారీ పక్కకి నెట్టేసి పోతాడు, టర్కీ కోడిలో తల ఇరికించుకుంటాడు. ఎవడికి నష్టం జరిగినా పట్టించుకోడు. స్వార్థపరుడు, పిసినారి, కొంచెం దుర్మార్గుడు కూడా. అందుకే అతనికి ఏం జరిగినా మనకి నొప్పి లేదు, హాయిగా నవ్వేస్తాం.

ట్రెవర్ అలాంటివాడు కాదు కదా. మంచివాడు. ప్రతి మాటకీ సారీ చెబుతాడు, కూతురు ఫోన్ చేస్తే అంతా బాగానే ఉందని నవ్వు తెచ్చిపెట్టుకుని మాట్లాడతాడు, వెనకాల ఇల్లు కూలుతూ ఉంటుంది. మొహం బీన్‌దే, కళ్లు బీన్‌వే, ఆ చేతులు తిప్పడం అంతా బీనే, కానీ లోపలున్న మనిషి మన చుట్టాల్లో ఒకడు. డబ్బుల్లేని తండ్రి. ఒక్క ఉద్యోగం నిలబెట్టుకుంటే చాలనుకునేవాడు. నెలాఖరుకి ఈఎంఐ కట్టే మనిషికి, అద్దె ఇల్లు ఖాళీ చేసేటప్పుడు గోడకి మేకులు కొట్టారని అడ్వాన్సులో కోత పడ్డ మనిషికి, ట్రెవర్ ఒక్కో వస్తువు పగలగొడుతుంటే నవ్వు కంటే ముందు టెన్షన్ వస్తుంది. మా మావయ్య "ఎంత ఉంటుంది" అని అడిగింది అందుకే. ఆయనకి నవ్వు రాక కాదు, లెక్క ముందొచ్చింది.

పిల్లలకి ఆ లెక్క లేదు. ఇంకో విషయం నేను కనిపెట్టాను, పిల్లలిద్దరూ ట్రెవర్ పక్షం కానే కాదు, తేనెటీగ పక్షం. అది తప్పించుకున్నప్పుడల్లా చప్పట్లు. పెద్దవాళ్లంతా ట్రెవర్ పక్షం. కాబట్టి ఒకే సోఫాలో కూర్చుని రెండు వేర్వేరు సిరీస్‌లు చూస్తున్నాం అన్నమాట, వాళ్లది గెలుపు కథ, మాది ఉద్యోగం పోయే కథ.

ఇక్కడ తెలుగువాళ్లకి ఇంకో ఇబ్బంది కూడా ఉంది. పురుగుకీ మనిషికీ యుద్ధం అనగానే మనకి రాజమౌళి 'ఈగ' గుర్తొస్తుంది, ఈ సిరీస్ గురించి ఏ తెలుగువాడు మాట్లాడినా రెండో వాక్యంలో ఆ మాట వచ్చేస్తుంది. 2012లో వచ్చిన ఆ సినిమాలో సుదీప్ ఒక ఈగ చేతిలో పడ్డ పాట్లు చూసి థియేటర్లో ఎలా అరిచామో తెలిసిందే కదా. అక్కడ ఎవరి వైపు ఉండాలో డైరెక్టర్ ముందే తేల్చేశాడు, ఈగ మన హీరో, ఆ మనిషి హంతకుడు, కాబట్టి వాడికి నిద్ర లేకపోయినా, కారు తలకిందులైనా, మనకి పండగే. ఇక్కడ తేనెటీగ ఏ పాపమూ చేయలేదు, మనిషీ చేయలేదు. ఎవరి మీద నవ్వాలి? చాలామంది ఇబ్బందిగా కదిలారంటే అందుకే. మా బావ అయితే "ఈగలో ఉన్న పగ ఇందులో ఏదీ" అని ఒకే ముక్కతో కొట్టిపారేశాడు. బావ చెప్పింది నిజమే కానీ, నాకు పగ లేకపోవడమే నచ్చింది. చిన్న విసుగు మెల్లగా పిచ్చిగా మారడం ఎలా ఉంటుందో చూపించాలంటే పగ అడ్డం.

మా పిన్నికి ఇంకో రకం అభ్యంతరం. పిన్ని వంటింట్లో ఎప్పుడూ జీసీసీ తేనె సీసా ఉంటుంది, మన గిరిజన సహకార సంస్థది, వైజాగ్‌లో అది లేని ఇల్లు తక్కువే. "పాడేరు, అరకు కొండల్లోంచి తెచ్చిన తేనె పొద్దున్నే నిమ్మకాయ పిండుకుని తాగుతాం, ఆ తేనెటీగని చంపడానికి ఇంత కష్టపడటమేంటి, కిటికీ తెరిస్తే పోదా" అని. కిటికీ మాట పిన్నిదొక్కదానిదే కాదు, ఈ సిరీస్ నచ్చనివాళ్లు అందరూ అనేది ఇదే. దీనికి జవాబు సిరీస్‌లో సరిగ్గా లేదు. కామెడీకి లాజిక్ అక్కర్లేదు అని తప్పించుకోవచ్చు కానీ, మంచి కామెడీలో లాజిక్ ఉంటుంది, తిక్క లాజిక్ అయినా ఉంటుంది. బీన్ పాత ఎపిసోడ్లలో సోఫా కుర్చీ కారు మీద కట్టేసి దాని మీద కూర్చుని డ్రైవ్ చేసేటప్పుడు కూడా, కారు నిండా సామాను ఉంది, కూర్చోవడానికి చోటు లేదు అని ఒక కారణం కనపడుతుంది. ట్రెవర్ నాలుగో ఎపిసోడ్ దాటాక కారణం లేకుండానే తర్వాతి వస్తువు దగ్గరకి వెళ్తున్నట్టు అనిపిస్తుంది, పగలగొట్టడానికి ఏది మిగిలిందో వెతుక్కుంటున్నట్టు. ఒక్క గ్లాసు పిండితో తొమ్మిది దోసెలు పోశారు, మధ్యలోవి బాగా పల్చబడ్డాయి. మొదటి మూడూ, చివరి రెండూ గట్టిగా ఉన్నాయి.

ఇప్పుడు వయసు సంగతి. అట్కిన్సన్ పుట్టింది 1955 జనవరి 6న. మన బ్రహ్మానందం గారు 1956 ఫిబ్రవరి 1న. అంటే ఏడాది తేడా. మన దగ్గర కమెడియన్‌కి అరవై దాటాక ఏం జరుగుతుందో తెలుసు, రెండు సీన్లు, లేదా ఏడిపించే తండ్రి పాత్ర. ఏడిపించే పాత్రలో బ్రహ్మానందం గారు ఎంత బాగా చేశారో అందరం చూశాం, అది వేరే మాట. కానీ ఒక సిరీస్ మొత్తం, పక్కన ఇంకో కమెడియన్ లేకుండా, చాలాసేపు డైలాగ్ కూడా లేకుండా, ఎదురుగా తర్వాత గ్రాఫిక్స్‌లో గీసే ఒక పురుగుని ఊహించుకుంటూ 67 ఏళ్ల మనిషి మోయడం అంటే మామూలు విషయం కాదు. ఆ పురుగు ఎక్కడుందో ఆయన కళ్లు చెబుతాయి. అది ముక్కు ముందుకొచ్చినప్పుడు రెండు కనుగుడ్లూ దగ్గరకొచ్చే తీరు, చప్పుడు ఆగిపోగానే మెడ మాత్రమే తిరిగే తీరు, గదిలో నిశ్శబ్దంగా నిలబడి అది ఎటు నుంచి వస్తుందో వింటూ ఉండే ఆ నాలుగైదు సెకన్లు, ఇవి ముప్పై ఏళ్ల వయసులో ఆయనకి కూడా ఇంత బాగా రాలేదేమో. ఎవరైనా "కామెడీ పోయింది" అంటే ఆ విరామాలు చూడమంటాను. పగిలిన వస్తువుల్ని కాదు.

అయితే మావయ్య ఒక మాటన్నాడు, దానికి నా దగ్గర జవాబు లేదు. "పాతికేళ్ల వాడు కింద పడితే నవ్వొస్తుందిరా, అరవై ఏడేళ్ల వాడు పడితే తుంటి ఎముక గుర్తొస్తుంది." ఆయనకి డెబ్బై రెండు. చూసే మనిషి వయసు కూడా కామెడీలో ఒక భాగమే కాబోలు. బీన్‌ని మొదటిసారి చూసినప్పుడు మావయ్య కూడా ముప్పైల్లో ఉన్నాడు, ఇద్దరూ కలిసే ముసలివాళ్లయ్యారు, ఒకడు తెర మీద ఇంకా దొర్లుతుంటే ఇంకొకడికి భయం వేస్తోంది. అట్కిన్సన్‌కీ అది తెలియని విషయం కాదు. బీన్‌గా చేయడం తనకి ఒత్తిడి, అలసట అని, అది ముగిసే రోజు కోసం ఎదురుచూస్తున్నానని 2021 మొదట్లో ఒక ఇంటర్వ్యూలో ఆయనే చెప్పాడు. ఆ మరుసటి ఏడాది వచ్చిందే ఈ సిరీస్. బీన్‌ని వదిలించుకోవాలి, కానీ జనం అడిగేది ఆ మొహాన్నే, అందుకని ఆ మొహానికి ఒక కూతురినీ, ఒక కష్టాన్నీ తగిలించాడు. నా లెక్కలో ఇది ధైర్యమే. ఫలితం నూటికి నూరు రాలేదు, అది వేరే సంగతి.

అన్నట్టు అట్కిన్సన్ చదివింది కూడా ఎలక్ట్రికల్ ఇంజనీరింగే, న్యూకాజిల్‌లో డిగ్రీ, తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో మాస్టర్స్. ఈ సంగతి చెప్పగానే మావయ్య మొహం వెలిగిపోయింది. "మన బ్రాంచేనన్నమాట!" అని మళ్లీ వచ్చి కూర్చుని ఇంకో రెండు ఎపిసోడ్లు చూశాడు, చూస్తున్నంతసేపూ ఆ ఇంటి ఆటోమేటిక్ తలుపుల వైరింగ్‌ని విమర్శిస్తూనే ఉన్నాడు. వైజాగ్‌లో ఇంటికొక ఇంజనీరు, ఏ సిరీస్ పెట్టినా ఈ బాధ తప్పదు.

కుక్క గురించి ఒక్క ముక్క. కుక్కలంటే ప్రాణమనుకునేవాళ్లు ఇంట్లో ఉంటే వాళ్లకి ముందే చెప్పండి, కప్‌కేక్ బాగా ఇబ్బందులు పడుతుంది, దాని కడుపుకి సంబంధించిన జోకులు ఉన్నాయి, భోజనం చేస్తూ చూడకండి. ఆ భాగం నాకు నచ్చలేదు, ఆయన స్థాయికి తక్కువ.

తేనెటీగ గ్రాఫిక్స్ మీద కూడా రెండు అభిప్రాయాలు విన్నాను. నాకైతే బాగానే అనిపించింది, బొద్దుగా, బొచ్చుతో, కొంచెం పొగరుగా ఉంటుంది. కానీ ఒకటి గమనించండి, ఫోన్లో చూసినవాళ్లకి ఇది సరిగా ఎక్కలేదు. మా ఆఫీసు కుర్రాడు రుషికొండ నుంచి బస్సులో వెళ్తూ 149 రూపాయల మొబైల్ ప్లాన్‌లో చూశాడట, "ఆ పెద్దాయన ఊరికే గాల్లో చేతులు ఊపుతున్నాడు, అసలు పురుగే కనపడలేదు" అన్నాడు. కనపడదు మరి, అరచేతిలో తెర మీద దాని సైజు నువ్వుగింజంత. ఇందులో సగం కామెడీ, ఆయన చూస్తున్న చోట అది లేదని మనకి తెలియడంలో ఉంది. పెద్ద టీవీ ఉంటేనే పెట్టండి. సౌండ్ కూడా కాస్త పెంచండి, ఆ గుయ్యిమనే చప్పుడు ఎడమ నుంచి కుడికి వెళ్తుంటే మనం కూడా చెవి దగ్గర చెయ్యి ఊపుకుంటాం. వానాకాలం సాయంత్రం లైటు చుట్టూ పురుగులు ముసిరినప్పుడు చూస్తే ఇంకా బాగా పనిచేస్తుంది.

ముగింపు గురించి చెప్పి చెడగొట్టను. కోర్టుతో మొదలుపెట్టడం వల్ల ఒక నష్టం జరిగింది, ట్రెవర్ తప్పించుకుంటాడేమో అన్న ఆశ మనకి ఉండదు. చివర్లో యజమాని వైపు నుంచి ఒక మెలిక ఉంది, అది మా వాచ్‌మన్ చెప్పిన మాటకి దగ్గరగా వెళ్తుంది. దాన్ని ఇంకొంచెం ముందు తెచ్చి ఉంటే పెద్దవాళ్ల టెన్షన్ సగం తగ్గేది, నవ్వడానికి ధైర్యం వచ్చేది. అంత ఆలస్యంగా తేవడమే నాకు అర్థం కాలేదు.

ఇక 'మ్యాన్ వర్సెస్ బేబీ'. ఇది నాలుగే ఎపిసోడ్లు, ఒక్కోటి సుమారు అరగంట. అదే ట్రెవర్, ఈసారి ఒక ఊరి స్కూల్లో కేర్‌టేకర్. క్రిస్మస్ సెలవుల ముందు రోజు, స్కూల్లో నాటిక, మన మిషన్ స్కూళ్లలో డిసెంబర్‌లో పిల్లలకి దుప్పట్లు కట్టి గొర్రెల కాపర్లని చేసి వేయిస్తారు చూడండి, అదే. అందులో బాల యేసుగా పడుకోబెట్టిన పసిబిడ్డని నాటిక అయ్యాక ఎవరూ తీసుకెళ్లరు. అదే సమయంలో ట్రెవర్‌కి లండన్‌లో ఒక ఖరీదైన పెంట్‌హౌస్‌కి కాపలా ఉండే పని దొరుకుతుంది. బిడ్డని వదిలించుకోలేడు, పని వదులుకోలేడు.

ఇది వచ్చేసరికి మా ఇంట్లో పార్టీలు తారుమారయ్యాయి. తేనెటీగకి చప్పట్లు కొట్టిన పిల్లలిద్దరూ రెండో ఎపిసోడ్‌లో ఫోన్లు తీశారు, ఏదీ పగలట్లేదు, బోరు అని. పిన్ని మాత్రం కదల్లేదు, "పాలు పట్టాడా? తేన్పు రాకుండా పడుకోబెట్టేశాడేంటి?" అని ట్రెవర్‌కి సలహాలిస్తూ మొత్తం చూసింది. మావయ్య కూడా చూశాడు, చివర్లో కళ్లజోడు తుడుచుకున్నాడు, అడిగితే దుమ్మన్నాడు. కారణం సింపుల్. బీలో ట్రెవర్ మంచితనం కామెడీకి అడ్డం పడింది, బేబీలో ఆ మంచితనమే కథ. పసిబిడ్డని ఎత్తుకున్న మనిషిని చూస్తే, ఎవరి వైపు ఉండాలా అని ఎవరూ ఆలోచించరు. అట్కిన్సన్‌కి అప్పటికి డెబ్బై ఏళ్లు, పరుగులు తగ్గించాడు, దొర్లడం తగ్గించాడు, తాతలా ఉన్నాడు, ఆ తాతరికం పాత్రకి సరిపోయింది.

కథగా చూస్తే బేబీ మెరుగు, ఇందులో నాకు అనుమానం లేదు. కామెడీగా చూస్తే కాదు. అరగంట ఎపిసోడ్‌లో నవ్వు వచ్చే చోట్లు దూరం దూరంగా ఉన్నాయి, మధ్యలో పండగ సినిమాల్లో ఉండే తీపి ఎక్కువైంది, మంచు, దీపాలు, కూతురి కోసం బెంగ. బీలో పల్చగా ఉన్న ఎపిసోడ్ కూడా పది నిమిషాల్లో అయిపోయేది, ఇక్కడ అలా తప్పించుకోవడానికి లేదు. నాకు రెండిట్లో ఒకటే మళ్లీ చూడమంటే బీ మొదటి మూడు ఎపిసోడ్లే చూస్తాను, నవ్వడానికి కాకపోయినా ఆ కళ్ల కోసం.

ఎవరితో చూడాలి అంటే, పదేళ్లలోపు పిల్లలుంటే బీ పెట్టండి, ఒక పూటలో అయిపోతుంది. ఒక సీన్లో బట్టల్లేకుండా తిరిగే కామెడీ ఉంది కానీ అసభ్యంగా ఏం లేదు. అమ్మానాన్నలు, పిన్నులు, మావయ్యలు ఉంటే నేరుగా బేబీ పెట్టినా ఫర్వాలేదు, బీ చూడకపోయినా కథ అర్థమవుతుంది. అందరూ కలిసి ఉన్నప్పుడు మాత్రం బీ వద్దు, ఒకళ్లు నవ్వుతుంటే ఇంకొకళ్లు కారు రేటు అడుగుతారు, రెండూ పాడవుతాయి. భాష గురించి భయపడక్కర్లేదు, బీలో కోర్టు సీన్లూ, ఫోన్ మాటలూ, యజమానులు వెళ్లేముందు చెప్పే జాగ్రత్తలూ తప్ప పెద్దగా మాటలు లేవు, అక్కడ మాత్రం సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, ఆ జాగ్రత్తల్లో చెప్పిన ప్రతి వస్తువూ తర్వాత ఎక్కడో ఒకచోట తగులుతుంది.